ఖాళీ స్లాట్లతో పుట్టిన యంత్రం

1981 ఆగస్టు 12న ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ను లోకానికి చూపించింది. అందులో అన్నిటికన్నా చౌక రకం ధర 1,565 డాలర్లు. అంత డబ్బు పోసినవాడికి దక్కింది ఎంతో చూస్తే ఇప్పుడు నవ్వొస్తుంది. మెమరీ 16 కిలోబైట్లు. ఫ్లాపీ డ్రైవ్ లేదు, మానిటర్ లేదు. ఇంట్లో టీవీ ఉంటే అదే తెర. పాటలు వినే క్యాసెట్ రికార్డరే నిల్వ సాధనం. కానీ మూత తీసి చూస్తే మదర్‌బోర్డు మీద అయిదు స్లాట్లు ఉన్నాయి, చాలావరకు ఖాళీగానే. డబ్బులు సమకూరినప్పుడు ఒక్కో కార్డు కొనుక్కుని వాటిలో గుచ్చుకోవచ్చు.

తక్కువ డబ్బుతో మొదటి డెస్క్‌టాప్ కూర్చుకోవాలనుకునే ఇంటర్ కుర్రాడికి, ఇంట్లో పిల్లల కోసం సిస్టమ్ కొనాలని చూస్తున్న తల్లిదండ్రులకు ఆ అయిదు స్లాట్ల సంగతి తెలియడం అవసరం. షాపువాడు ప్రాసెసర్ పేరుతో మొదలుపెడతాడు. ఈ యంత్రం ఇన్నేళ్లు బతికింది మాత్రం స్లాట్ల వల్ల, సాకెట్ల వల్ల, స్క్రూ రంధ్రాల వల్ల.

ఐబీఎం అప్పటిదాకా తన యంత్రాల్లో దాదాపు ప్రతి ముక్కా తానే చేసుకునే సంస్థ. 1980లో బిల్ లో అనే అధికారి ఏడాదిలో చిన్న కంప్యూటర్ తయారుచేసి చూపిస్తానని పైవాళ్లకు మాటిచ్చాడు. ఏడాదిలో అన్నీ సొంతంగా చేసుకోవడం కుదిరే పని కాదు. అందుకని ఫ్లోరిడాలోని బోకా రాటన్‌లో డాన్ ఎస్ట్రిడ్జ్ నాయకత్వంలో పనిచేసిన చిన్న బృందం బజారులో దొరికే భాగాలనే ఏరుకొచ్చింది. ప్రాసెసర్ ఇంటెల్‌ది, సాఫ్ట్‌వేర్ మైక్రోసాఫ్ట్‌ది. ఇంటెల్ దగ్గర 8086 అనే మెరుగైన చిప్ ఉన్నా, దాని తమ్ముడు 8088ను ఎంచుకున్నారు. లోపల రెండూ 16 బిట్లవే. అయితే 8088 బయటి ప్రపంచంతో 8 బిట్ల దారిలో మాట్లాడుతుంది కాబట్టి, దాని చుట్టూ అమర్చే చిప్‌లు చవకగా, కావలసినన్ని దొరికేవి.

ఇంకో పొదుపు నాకు మరీ ఇష్టం. 8088 సెకనుకు 50 లక్షల టిక్కుల దాకా నడవగలదు. అంటే 5 మెగాహెర్ట్జ్. ఐబీఎం దాన్ని 4.77 దగ్గరే ఆపింది. కారణం బోర్డు మీద ఉన్న ఒకే ఒక్క క్వార్ట్జ్ స్ఫటికం. దాని వేగం 14.318 మెగాహెర్ట్జ్. దాన్ని నాలుగుతో భాగిస్తే అమెరికా కలర్ టీవీకి కావలసిన 3.58 వస్తుంది, మూడుతో భాగిస్తే 4.77 వస్తుంది. ప్రాసెసర్ వేగంలో కొంచెం వదులుకుంటే రెండో స్ఫటికం ఖర్చు మిగులుతుంది. అంత పెద్ద కంపెనీలో కూడా ఎవరో కూర్చుని ఇలా పైసా పైసా లెక్క చూశారన్నమాట.

ఇతర కంపెనీలు కార్డులు చేసి అమ్మాలన్న ఉద్దేశంతో ఐబీఎం సర్క్యూట్ పటాలతో సహా సాంకేతిక పుస్తకాన్ని అచ్చువేసి అమ్మింది. స్విచ్ వేయగానే యంత్రాన్ని మేల్కొలిపే బయోస్ ప్రోగ్రామును కూడా అందులో పేజీల కొద్దీ ముద్రించింది. ముద్రించినా కాపీరైట్ తనదే కాబట్టి నకలు తీసే ధైర్యం ఎవరికీ ఉండదనుకుంది. హ్యూస్టన్‌లో 1982లో పుట్టిన కాంపాక్ దీనికో ఉపాయం కనిపెట్టింది. ఒక బృందం బయోస్‌ను చదివి అది ఏమేం పనులు చేస్తుందో రాసిపెట్టింది. ఆ కోడ్‌ను కంటితో కూడా చూడని ఇంకో బృందం ఆ వివరాలను బట్టి కొత్తగా రాసింది. పని అదే, రాత వేరు. 1984లో ఫీనిక్స్ అనే సంస్థ ఇదే పద్ధతిలో బయోస్ తయారుచేసి అడిగినవారికల్లా అమ్మడం మొదలుపెట్టింది. ఆ తర్వాత పీసీ చేయడానికి ఐబీఎం అనుమతి అక్కర్లేకపోయింది.

ఐబీఎం తలుపు మళ్లీ మూయాలని చూసింది. 1987లో వచ్చిన పీఎస్/2 యంత్రాల్లో మైక్రో ఛానెల్ అనే కొత్త రకం స్లాట్లు పెట్టి, వాడుకునేవాళ్లు లైసెన్సు రుసుము కట్టాలంది. సాంకేతికంగా అవి పాతవాటికంటే మేలైనవే. కానీ పాత కార్డులు వాటిలో పట్టవు. మరుసటి ఏడాది కాంపాక్ ముందుండగా తొమ్మిది కంపెనీలు కలిసి పాత కార్డులు కూడా పట్టే పోటీ స్లాటును ప్రకటించాయి. జనం మైక్రో ఛానెల్‌ను పట్టించుకోలేదు. చివరికి 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ కొలతలు బయటపెట్టింది. బోర్డు ఎంత ఉండాలి, స్క్రూ రంధ్రాలు ఎక్కడ ఉండాలి, కరెంటు వైరు ఎలా తగలాలి అన్నీ అందులో ఉన్నాయి. ఇవాళ కొనే మైక్రో ఏటీఎక్స్ బోర్డు, 244 మిల్లీమీటర్ల చదరం, ఏ కంపెనీ క్యాబినెట్‌లోనైనా కూర్చుంటోందంటే కారణం అదే.

ఇక మన కొనుగోలు సంగతి. నేను చెప్పేది ఒక్కటే: తర్వాత మార్చడం కష్టమైన వాటి మీద ముందు డబ్బు పెట్టండి, సులువుగా గుచ్చుకోగలిగినవాటిని వాయిదా వేయండి. మార్చడం కష్టమైనవి రెండు. మదర్‌బోర్డు, ఎస్‌ఎంపీఎస్ అనే పవర్ సప్లై.

ఎస్‌ఎంపీఎస్ కథ కూడా 1981లోనే ఉంది. మొదటి పీసీలో పెట్టిన పవర్ సప్లై 63.5 వాట్లది. ఖాళీ స్లాటు ఉంది కదా అని హార్డ్ డిస్క్ కొన్నవాళ్లకు ఆ కరెంటు చాలలేదు, దాన్ని కూడా మార్చుకోవాల్సి వచ్చింది. 1983లో హార్డ్ డిస్క్‌తో వచ్చిన ఎక్స్‌టీలో ఐబీఎం 130 వాట్లది పెట్టింది. మన షాపుల్లో క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్ మీద ఎన్ని వాట్లని రాసి ఉన్నా నమ్మకండి. 80 ప్లస్ గుర్తు ఉన్నదాన్ని విడిగా కొనండి. గోడ నుంచి తీసుకున్న కరెంటులో కనీసం 80 శాతం భాగాలకు అందుతుందని, మిగతాదే వేడిగా పోతుందని ఆ గుర్తుకు అర్థం. వోల్టేజీ పెరిగినా షార్ట్ అయినా తనంతట తాను ఆగిపోయే రక్షణలు ఉన్నాయా అన్నది కూడా చూడాలి. వేసవిలో కరెంటు ఎలా వచ్చిపోతుందో మనకు తెలియనిది కాదు. మామూలు ప్రాసెసర్ 65 వాట్ల తరగతిది, ఆర్‌టీఎక్స్ 4060 వంటి గ్రాఫిక్స్ కార్డు 115 వాట్లది. ఈ లెక్కన మంచి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ చాలా ఏళ్లు సరిపోతుంది. 850 ఎందుకు?

బోర్డు విషయంలో చూడాల్సింది సాకెట్ ఆయుష్షు. ఏఎండీ 2016లో ఏఎం4 సాకెట్ తెచ్చింది. 2017లో చిన్న రైజెన్ 3 ప్రాసెసర్‌తో మొదలుపెట్టినవాళ్లలో చాలామంది 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ ప్రాసెసర్‌ను అదే బోర్డులో పెట్టుకోగలిగారు. మధ్యలో చేయాల్సిందల్లా బయోస్ అప్‌డేట్. ఒకప్పుడు ఐబీఎం తాళంగా పెట్టుకున్న ఆ బయోసే వీళ్లకు తలుపు తీసింది. ఇంటెల్ ఇదే కాలంలో సాకెట్లను తరచుగా మార్చింది. కొత్తగా కొనేవారికి 2022 నాటి ఏఎం5 ముందుచూపున్న దారి, కానీ దానికి డీడీఆర్5 ర్యామ్ తప్పనిసరి. చేతిలో డబ్బు మరీ తక్కువైతే ఏఎం4 ఇప్పటికీ తప్పేమీ కాదు. దాని మీద ఇంకో మెట్టు మిగిలి లేదని తెలిసి కొంటే చాలు.

గ్రాఫిక్స్ కార్డును మొదటి రోజే కొనకండి. చదువుకు, కోడింగుకు, సినిమాలకు, తేలికపాటి ఆటలకు ప్రాసెసర్‌లో కలిసి వచ్చే గ్రాఫిక్స్ సరిపోతుంది. అందుకే పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లు చవకని తీసుకోవద్దు, వాటిలో ఆ భాగం పనిచేయదు. కార్డు లేకపోతే మానిటర్ నల్లగానే ఉంటుంది. ఈ అంతర్గత గ్రాఫిక్స్ ర్యామ్‌నే పంచుకుంటుంది కాబట్టి ఒక 16 జీబీ స్టిక్ కంటే రెండు 8 జీబీ స్టిక్కులు దానికి వేగాన్నిస్తాయి. డేటాకు రెండు దారులు తెరుచుకుంటాయి మరి. డీడీఆర్4, డీడీఆర్5 స్టిక్కులకు పిన్నులు రెండింటికీ 288, గాడి మాత్రం వేర్వేరు చోట్ల ఉంటుంది. ఒకదాని స్లాటులో ఇంకొకటి పట్టదు.

ఎస్‌ఎస్‌డీ తప్పకుండా ఉండాలి, 500 జీబీ చాలు. క్యాబినెట్‌కు గాలి ఆడితే చాలు, రంగు దీపాలు వద్దు. ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గర కూడా పాత కథే. ఐబీఎం పీసీకి డాస్ 40 డాలర్లు, పోటీలో ఉన్న సీపీ/ఎం-86 240 డాలర్లు. ఏది నెగ్గిందో తెలిసిందే. ఇప్పుడు లినక్స్‌కు ఒక్క రూపాయి కూడా లేదు. స్వేచ్ఛ అనే సంస్థ తెలుగులోకి తెచ్చిన లినక్స్ కూడా ఉంది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్లినా, మీ ఊళ్లో అసెంబుల్ చేసే షాపుకి వెళ్లినా ఒక మాట గుర్తుంచుకోండి. ‘ఐ5 సిస్టమ్’ అంటే అర్థం లేదు. ఐ5 పేరు 2009 నుంచి ఉంది. 2011 నాటి హెచ్61 చిప్‌సెట్ బోర్డులో పదేళ్లు దాటిన పాత ఐ5 పెట్టి, పైన కొత్త క్యాబినెట్ తొడిగి అమ్మేవాళ్లున్నారు. విండోస్ 11 ఇంటెల్‌లో ఎనిమిదో తరానికి ముందున్న వాటిలో ఒకటీ అరా తప్ప వేటినీ అధికారికంగా ఒప్పుకోదు. విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబరుతో ముగిసింది. ప్రాసెసర్ డబ్బాలో సీలుతో వస్తుందా, విడిగా ట్రేలో వచ్చినదా అని కూడా అడగండి, వారంటీ తేడా పడుతుంది.

కొటేషన్‌లో బోర్డు, ఎస్‌ఎంపీఎస్ మోడల్ నంబర్లు పూర్తిగా రాయించుకోండి. ‘ఏదో మంచి కంపెనీది వేస్తాంలే సార్’ అంటే పక్క షాపుకి నడవండి.