విశాఖలో టాకీ తీసిన కాలం

జగదాంబ జంక్షన్ అంటే విశాఖలో చంటిపిల్లాడికైనా తెలుసు. పూర్ణా మార్కెట్ అంటే ఇక చిరునామా అక్కర్లేదు. లీలామహల్ అన్నా అంతే. సినిమా హాళ్ల పేర్లే కూడళ్లకూ బజార్లకూ పేర్లయిపోయిన ఊరిది. హాళ్లను ఇంత పదిలంగా గుర్తుపెట్టుకున్న ఈ ఊరు, తన గడ్డ మీద ఒక టాకీ స్టూడియో ఉండేదన్న సంగతి మాత్రం శుభ్రంగా మరిచిపోయింది. దాని పేరు ఆంధ్రా సినీటోన్. కట్టించినాయన గొట్టుముక్కల జగన్నాథరాజు. అక్కడ తయారై 1938లో జనం ముందుకు వచ్చిన బొమ్మ ‘భక్త జయదేవ’.

అప్పటికి మన దేశంలో తెర మాట్లాడటం మొదలై ఏడేళ్లే. 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్‌లో ‘ఆలం ఆరా’ విడుదలైంది. అదే ఏడాది అక్టోబరు 31న మద్రాసులో వచ్చిన ‘కాళిదాసు’లో తమిళంతో పాటు తెలుగు కూడా వినిపించింది. ఆ వెనకే హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వంలో మన తొలి పూర్తి టాకీ ‘భక్త ప్రహ్లాద’ వచ్చింది. అది 1931 సెప్టెంబరు 15న విడుదలైందని చాలాకాలం అందరం నమ్మాం, పండగలు కూడా చేసుకున్నాం. పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత కాగితాలు తవ్వితే, సెన్సారు సర్టిఫికెట్టే 1932 జనవరి 22న వచ్చిందని, బొంబాయి కృష్ణా థియేటర్లో తొలి ఆట ఫిబ్రవరి 6న పడిందని తేలింది. అసలు కాగితం చూసేదాకా పుట్టినరోజు కూడా తప్పే చెప్పుకున్నామన్నమాట. ఇంకో విశేషం: ‘ఆలం ఆరా’, ‘కాళిదాసు’, ‘భక్త ప్రహ్లాద’ మూడింటిలోనూ వేషం కట్టిన ఏలూరు ప్రాంతపు కుర్రాడు తర్వాత ఎల్.వి.ప్రసాద్‌గా ప్రసిద్ధుడయ్యాడు.

కానీ ఇవన్నీ బయట తీసినవి. తెలుగు నటులు రైలెక్కి బొంబాయికో కలకత్తాకో పోవాల్సిందే. చిత్తజల్లు పుల్లయ్య 1933లో ‘సావిత్రి’, 1934లో ‘లవకుశ’ తీసింది కలకత్తా ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీకి. మద్రాసులో వేల్ పిక్చర్స్ ‘సీతాకల్యాణం’ తీసింది 1934లో. మరి మన జిల్లాల్లోనే ఎందుకు తీయకూడదన్న పౌరుషం మొదట రాజమండ్రిలో పుట్టింది. నిడమర్తి సూరయ్య అక్కడ దుర్గా సినీటోన్ పెట్టి 1936లో ‘సంపూర్ణ రామాయణం’ తెచ్చారు. ఆ తర్వాతి పేరు విశాఖదే.

విశాఖే ఎందుకని అడిగితే, ఆనాటి ఊరిని చూడాలి. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ కొత్త రేవులోకి వచ్చింది. డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి లాంఛనంగా ప్రారంభించాడు. అలల దెబ్బ ఆపడానికి ‘జానస్’, ‘వెల్లెడ్సన్’ అనే రెండు పాత ఓడలను రేవు ముఖద్వారం దగ్గర ముంచేసి అడ్డుకట్ట వేశారు. రాయపూర్ నుంచి రైలుమార్గం పడింది, మాంగనీసు ఖనిజం దిగుతోంది. జమీందార్ల కాలక్షేపపు పట్నం వ్యాపారపు పట్నంగా మారుతున్న రోజులవి. పైగా కలకత్తాకూ మద్రాసుకూ ఇంచుమించు నడిమధ్యన వాల్తేరు స్టేషను. మనవాళ్లు వేషాలకు కలకత్తా పోయే దారిలోనే ఈ ఊరుంది. అక్కడి సినిమా మనిషిని ఇక్కడికి దింపుకోవడం కష్టం కాదు. ‘భక్త జయదేవ’ దర్శకుడు హిరేన్ బోస్ బెంగాలీయే. సంగీతం, సాహిత్యం రెండూ తెలిసినవాడు. అష్టపదుల కవి కథకు అలాంటివాణ్ణి పిలవడంలో జగన్నాథరాజు తెలివి కనిపిస్తుందని నా లెక్క. తారాగణం మాత్రం మనవాళ్లే: రెంటచింతల సత్యనారాయణ, శాంతకుమారి, ‘భక్త ప్రహ్లాద’తో తొలి తెలుగు కథానాయికైన సురభి కమలాబాయి. కమలాబాయి వేషం వేయడం ఒక్కటి చాలు, ఈ బొమ్మ ఊరిపెద్దల సరదా కాదని చెప్పడానికి.

ఇక్కడొక వింత కబురు సంగతి చెప్పాలి. ఆంధ్రా సినీటోన్ గురించి వెతికితే, జగన్నాథరాజు ఈ సినిమాతో డీటీఎస్ శబ్దాన్ని ప్రవేశపెట్టారని కనిపిస్తుంది. ఒకరి నుంచి ఒకరు ఎత్తిరాసుకుంటూ పోయారు. డీటీఎస్ లోకానికి తెలిసింది 1993లో ‘జురాసిక్ పార్క్’తో. ధ్వని విడిగా సీడీలో ఉంటుంది, ఫిల్ము అంచున ఉండే గుర్తులు దాన్ని బొమ్మతో కలుపుతాయి. 1938లో సీడీ ఎక్కడిది, డిజిటల్ ఎక్కడిది! ఉన్న గొప్పతనాన్ని వదిలేసి లేనిది తగిలించడం మనకు అలవాటే. జగన్నాథరాజుకు ఆ అబద్ధపు కిరీటం అక్కర్లేదు.

ఎందుకంటే అప్పట్లో మామూలు శబ్దం పట్టడమే మహాయజ్ఞం. మైకు పట్టిన ధ్వని వెలుగు హెచ్చుతగ్గులుగా మారి ఫిల్ము అంచున సన్నటి గీతలా పడేది. నేపథ్యగానం 1935లో కలకత్తాలో మొదలైనా అన్నిచోట్లా ఇంకా కుదురుకోలేదు. నటించేవాళ్లే పాడాలి, అదీ కెమెరా తిరుగుతుండగానే. హార్మోనియం, తబలా వాళ్లు బొమ్మలో పడకుండా ఏ చెట్టు చాటునో తెర చాటునో కూర్చోవాలి. పాట చివర్లో ఒకరు దగ్గితే మళ్లీ మొదటికి. అందుకే ఆ రోజుల్లో అందం కన్నా గొంతుకే గిరాకీ, నాటకాల వాళ్లకే వేషాలు. సముద్రపు హోరు, రేవు కూతలు, రైలు ఈలలు ఉన్న ఊళ్లో ఈ పని ఎలా ఉండేదో ఊహించుకోండి.

స్టూడియో నిలబడలేదు. రాజమండ్రిదీ నిలబడలేదు. కారణం ధైర్యం చాలకపోవడం కాదు. కెమెరా, ల్యాబు, సాంకేతిక నిపుణులు అన్నీ ఒకచోట పోగుపడ్డ ఊరికే సినిమా వెళ్తుంది. ఆ ఊరు మద్రాసైంది. ఆ తర్వాత యుద్ధం. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. జనం మూటాముల్లె కట్టుకుని పల్లెలకు పోయారు. 1943లో ముడి ఫిల్ము కొరత వల్ల సినిమా 11,000 అడుగులు దాటకూడదని ప్రభుత్వం కట్టడి పెట్టింది. ఆ గాలివానలో చిన్న స్టూడియోలకు చోటెక్కడ?

స్టూడియో పోయినా ఈ ప్రాంతం సినిమాకు మనుషుల్ని ఇస్తూనే ఉంది. అప్పటి విశాఖ జిల్లాలోని సాలూరు ప్రాంతం నుంచి వెళ్లిన సాలూరి రాజేశ్వరరావు 1935లో ‘శ్రీకృష్ణ లీలలు’లో బాలకృష్ణుడయ్యాడు. పాతికేళ్లకు పైగా గడిచాక, అక్కినేని నటించిన 1961 నాటి ‘భక్త జయదేవ’కు సంగీతం కట్టింది ఆయనే. విశాఖలో పుట్టిన శ్రీశ్రీ, 1950లో తొలి తెలుగు డబ్బింగ్ చిత్రం ‘ఆహుతి’కి మాటలూ పాటలూ రాశాడు. ఇక్కడే పుట్టిన ఆరుద్ర గురించి వేరే చెప్పాలా? పంపిణీ రంగంలో తొలితరం పేర్లలో పూర్ణా మంగరాజుది ఒకటి. ఇవాళ కూడా సినిమా వ్యాపారంలో నైజాం, సీడెడ్ లాగా వైజాగ్ ఏరియా ఒక లెక్క. 1978లో బాలచందర్ ‘మరో చరిత్ర’తో ఈ తీరం అందరి కంటా పడింది. కానీ కెమెరా ఇక్కడికి మొదటిసారి వచ్చింది అప్పుడే అనుకుంటే నలభై ఏళ్లు తప్పినట్టే.

పాత సినిమాలు పోవడానికి మన మరుపు ఒక్కటే కారణం కాదు. ఆనాటి నైట్రేట్ ఫిల్ము అగ్గిపుల్ల తగిలితే భగ్గుమంటుంది. నిప్పు తగలకపోయినా కాలం గడిస్తే దానంతటదే కుళ్లి పొడైపోతుంది. పైగా అందులో వెండి ఉంటుంది, ఆడిన రీళ్లను వెండి కోసం కరిగించి అమ్ముకున్నారు. ‘భక్త ప్రహ్లాద’ ప్రతి మనకు మిగల్లేదు. 2003 జనవరిలో పుణెలో జరిగిన అగ్నిప్రమాదంలో, దాచిపెట్టిన నైట్రేట్ రీళ్లు కూడా చాలా బూడిదయ్యాయి.

1966లో ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఉద్యమించి సాధించుకున్న ఊరికి ఆంధ్రా సినీటోన్ పేరిట ఒక ఫలకం పెట్టడం ఎంత పని? నగరపాలక సంస్థ పూనుకోవాలి. పాతకాలపు ఇళ్లలో ఉన్నవాళ్లు చేయగలిగింది కూడా ఒకటుంది. తాతల నాటి ట్రంకుపెట్టెల్లో అణాకో అర్ధణాకో కొన్న పాటల పుస్తకాలు, కరపత్రాలు, గ్రామఫోను రికార్డులు ఇంకా ఉండవచ్చు. వాటిని పాతసామాన్ల వాడికి వేయకండి. ముందు ఫోటో తీసి పెట్టుకోండి. ఊళ్లోని గ్రంథాలయానికో, సినిమా చరిత్ర రాసేవాళ్లకో, పుణెలో 1964 నుంచి ఉన్న జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కో కబురు పెట్టండి.