పొలిమేర దాటి ఒక రాత్రి

కార్తికమాసము వచ్చినదనగానే తెలుగువారికి వనభోజనములు గుర్తుకు వచ్చును. ఉసిరిచెట్టు నీడలో విస్తళ్లు పరచుకొని భుజించి, పొద్దు వాలువేళకు పాత్రలు సర్దుకొని ఇంటిదారి పట్టుట మన ఆచారము. విద్యార్థుల శిబిరము ఆ ఆచారమునకు దగ్గరి చుట్టమే. అయితే వనభోజనము ముగిసినచోట శిబిరము మొదలగును. చీకటి పడిన తరువాత చెట్ల నడుమ ఉండుట, నేలపై నిదురించుట, పక్షుల కూతకు మేలుకొనుట పగటి విహారమున దొరకునవి కావు. తన నీరు, తన తిండి, తన పడక, తన చెత్త, ఈ నాల్గింటికిని తానే పూచీ వహించుట కూడ అచ్చటనే అలవడును.

నగర శివారు కాలనీలలో పెరుగు పిల్లలకు ఈ పూచీ కొత్త. కొళాయి తిప్పిన నీరు వచ్చును. అది ఎచ్చటినుండి వచ్చునో తెలియదు. చెత్త వీధి చివరకు పోవును. ఆపై దాని గతి యేమో తెలియదు. ఉపాధ్యాయులే సర్వము అమర్చి పిల్లలను బస్సెక్కించినచో వారు కొండను చూచి వత్తురే కాని నేర్చునది స్వల్పము. శిబిరమనగా ఒక్క రాత్రి కాదు. దానికి ముందు రెండు మూడు వారములు జరుగు తరగతి పని కూడ శిబిరమే.

ఈ సత్యమును గుర్తించి ఆచరణలో పెట్టినవారిలో బేడెన్ పవెల్ ముఖ్యుడు. 1907 ఆగస్టులో ఇంగ్లండునందలి బ్రౌన్‌సీ ద్వీపమున ఆయన సుమారు 20 మంది బాలురతో ఒక శిబిరము నడిపెను. స్కౌటు ఉద్యమమునకు అదియే బీజము. సంపన్నుల పిల్లలును, పనివారి పిల్లలును అందు కలిసి ఉండిరి. ఆయన వారిని నాలుగు దళములుగా విభజించి, ప్రతి దళమునకు బాలురలోనుండియే ఒక నాయకుని ఏర్పరచెను. మన దేశమున 1950 నవంబరు 7న ఏర్పడిన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ సంస్థ కూడ ఈ దళ పద్ధతినే పాటించుచున్నది. ఏ పాఠశాలయైనను దీనిని అనుసరింపవచ్చును: ఒక దళమునకు నీరు, ఒక దళమునకు ఆహారము, ఒక దళమునకు స్థలము, ఒక దళమునకు ఆరోగ్యము.

ఇక ఎచ్చటికి పోవలెను? హైదరాబాదు శివారులలోని పాఠశాలలనే ఉదాహరణముగా తీసికొందము. వనస్థలిపురము చెంత మహావీర హరిణ వనస్థలియు, చిలుకూరు దారిలో మృగవనియు ఉన్నవి. దగ్గరగా ఉన్నవి కదా యని అచ్చట గుడారములు వేయ తలపెట్టరాదు. ఈ రెండును జాతీయ ఉద్యానములు. హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాముల వేటభూమి. నేడు కృష్ణజింకలకు ఆశ్రయము. ఇట్టి చోట్ల మనుష్యుడు అతిథి మాత్రమే. పగటివేళ పోయి, జంతువులను, పక్షులను దూరమునుండి గమనించి వచ్చుటకు ఇవి అనువైనవి. రాత్రి శిబిరమునకు ముందు జరుపవలసిన అభ్యాస యాత్ర ఇదియే కావచ్చును.

రాత్రి బసకు పడమటి దిక్కున అనంతగిరి కొండలు తగియున్నవి. నగరమునుండి వికారాబాదు సుమారు 75 కిలోమీటర్లు. లింగంపల్లిలో రైలెక్కినవారు శంకర్‌పల్లి మీదుగా అచ్చటికి చేరవచ్చును. అనంతపద్మనాభస్వామి ఆలయమున్న ఈ కొండలలోనే మూసీనది పుట్టినది. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచి వేలమందిని పొట్టనబెట్టుకొన్నది ఈ నదియే. అటుపిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాపై మూసీకి అడ్డముగా ఉస్మాన్‌సాగర్, ఈసీకి అడ్డముగా హిమాయత్‌సాగర్ నిర్మాణమైనవి. మొదటిది 1920లోను, రెండవది 1927లోను పూర్తియైనవి. ఉస్మాన్‌సాగరునే జనులు గండిపేట చెరువందురు. ఆ నీరు నేటికిని నగరమునకు కొంత తాగునీరుగా అందుచున్నది. కావున అనంతగిరి వాగులో సబ్బునురుగు కలిపిన విద్యార్థి పరుల నీటిని మాత్రమే చెరచినవాడు కాడు. తన పట్టణపు బిందెలోనే మురికి కలిపినవాడగును. ఈ ఒక్క మాట పిల్లల మనస్సున నాటినచో శుభ్రతను గూర్చి వేరుగా ఉపన్యాసము అక్కరలేదు.

తేదీ నిర్ణయమునకు పంచాంగము తిరగవేయవలెను. వానకాలమున పిడుగులు, బురద. వేసవిలో ఎండుటాకులు, కార్చిచ్చు. కార్తికమునుండి మాఘమువరకు అనుకూలము. పూర్ణిమనాడు వెన్నెల మనోహరమే కాని నక్షత్రములు వెలవెలబోవును. ఆకాశమును చదువదలచినచో అమావాస్యకు దగ్గరి రాత్రి మేలు. కార్తిక పూర్ణిమనాడు చంద్రుడు కృత్తికల చెంత నుండుటచేతనే ఆ మాసమునకా పేరు వచ్చినది. ఆ మాసాంతమున చీకటి పడగానే కృత్తికల గుంపు తూర్పున కనిపించును. వీధి దీపముల వెలుగులో పెరిగిన పిల్లవాడు మాసము పేరునకు అర్థమును తన కన్నులతో చదువుకొనును.

అటవీశాఖవారి అనుమతిని, తల్లిదండ్రుల అంగీకారమును వ్రాతపూర్వకముగా ముందే పొందవలెను. బాలికలున్నచో ఉపాధ్యాయినులు తప్పక తోడుండవలెను. ఆపై నీటి దళము లెక్క కట్టవలెను. 28 మంది విద్యార్థులు, నలుగురు ఉపాధ్యాయులు, మొత్తము 32 మంది. త్రాగుటకు, వంటకు మనిషికి రోజుకు 4 లీటర్ల చొప్పున 128 లీటర్లు; అనగా 20 లీటర్ల డబ్బాలు ఏడు. వాగునీరు తేటగా ఉన్నను మరగించక త్రాగరాదు.

స్థల దళమువారు ఒక ఉపాధ్యాయునితో ముందుగా పోయి చోటు చూచి రావలెను. వాగు అడుగున ఎండిన ఇసుక మెత్తగా ఉండి ఆశపెట్టును. ఎగువన వాన కురిసినచో అదే ప్రమాదస్థలము. ఎండుకొమ్మలున్న చెట్టుక్రిందను గుడారము వేయరాదు. కొంచెము ఎత్తుగా, నీరు నిలువక జారిపోవు నేల శ్రేష్ఠము. మరుగుదొడ్డి గుంటలు నీటికి 60 మీటర్ల దూరమున, అనగా పెద్దవారి నడకలో సుమారు 80 అంగల దూరమున, జానెడు లోతున త్రవ్వి, పని ముగియగానే మన్ను కప్పవలెను.

ఆహార దళమునకు సులభమైన మార్గము ఇంటినుండి సద్ది కట్టుకొనుట. పులిహోర రాత్రికి నిలుచును, పెరుగన్నము పులియును. ఉదయమునకు అటుకులు, బెల్లము, అరటిపండ్లు చాలును. కోతుల బెడద లేకుండ మూత బిగియు డబ్బాలు వాడవలెను. అడవిలో నెగడు వేయు కోరిక పిల్లలకు సహజము. కాని ఎండుటాకుల నడుమ ఒక్క నిప్పురవ్వ కొండనే కాల్చగలదు. అభయారణ్యములందును, జాతీయ ఉద్యానములందును అపాయకరముగా నిప్పు రగుల్చుటను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము నిషేధించుచున్నది. నెగడు చుట్టు చెప్పుకొను కథలు లాంతరు చుట్టును చెప్పుకొనవచ్చును.

ఆరోగ్య దళము భయపెట్టక జాగ్రత్తలు చెప్పవలెను. మన ప్రాంతమున ప్రాణాపాయము కలిగించు పాములలో ముఖ్యమైనవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. కట్లపాము రాత్రివేళ సంచరించి నేలపై నిదురించువారిని కరచుట కద్దు. ఆ కాటు నొప్పి లేకయు ఉండవచ్చును. దోమతెర అంచులను చాప క్రిందికి మడిచి పరుండుటయు, దీపము లేక అడుగు వేయకుండుటయు మంచి రక్షణలు. కాటు పడినచో కోయుట, పీల్చుట, గట్టిగా త్రాడు బిగించుట కూడదు. అవయవమును కదలనీయక 108కి కబురు చేసి, విషమునకు విరుగుడు మందున్న ఆసుపత్రికి వెంటనే చేర్చవలెను. ఆ ఆసుపత్రి యేదో బయలుదేరుటకు ముందే తెలిసికొని ఉండవలెను.

మరునాటి ఉదయము బయలుదేరునప్పుడు ఒక దళము విడిచిన చోటును మరియొక దళము పరీక్షింపవలెను. కాగితపు ముక్క, అరటితొక్క, తాటి ముక్క ఏదియు మిగులరాదు. తెచ్చినదంతయు తిరిగి సంచిలో చేరవలెను. సోమవారమునాడు తరగతిలో ప్రతి దళమును తన లెక్క అప్పగింపవలెను: ఎన్ని డబ్బాల నీరు మిగిలినవి, ఏ వస్తువు మరచిరి, ఏది అనవసరముగా మోసిరి. ఆ లెక్కల పుస్తకమును బీరువాలో భద్రపరచి, వచ్చే ఏటి విద్యార్థుల చేతికి ఇచ్చినచో వారు దానికంటె మెరుగైన శిబిరమును నడుపగలరు.