పశు కైరోప్రాక్టిక్

పశు కైరోప్రాక్టిక్ అనగా గుర్రాలు, ఎద్దులు, కుక్కలు మొదలైన జంతువుల వెన్నెముకలోను, కీళ్లలోను కదలిక తగ్గినప్పుడు చేతితో ఒత్తి సరిచేయుటకు ప్రయత్నించే పద్ధతి. భారతదేశంలో ఇది పశువైద్యానికి వేరుగా గుర్తింపు పొందిన వృత్తి కాదు. కావున జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల విద్యార్థి ఈ పని చేపట్టాలంటే ముందుగా పశువైద్యుడు కావాలి.

చరిత్ర

అమెరికాలోని డావెన్‌పోర్ట్ పట్టణంలో 1895లో డేనియల్ డేవిడ్ పామర్ మనుషుల కొరకు కైరోప్రాక్టిక్ ప్రారంభించాడు. జంతువుల కొరకు అమెరికన్ వెటర్నరీ కైరోప్రాక్టిక్ అసోసియేషన్ 1989లో ఏర్పడింది. అక్కడి శిక్షణ 200 గంటలకు పైగా ఉంటుంది. పశువైద్యులకు, మనుషుల కైరోప్రాక్టర్లకు మాత్రమే ప్రవేశం ఇస్తారు. గుర్రాల నడుము నొప్పి విషయంలో కొంత ఉపశమనం కనిపించినట్లు చిన్న పరిశోధనలు ఉన్నప్పటికీ, శాస్త్రీయ ఆధారాలు ఇంకా పరిమితమే.

రోగనిర్ధారణ ఆవశ్యకత

ఈ మూడు జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. ఇక్కడ గుర్రాల కంటే ఎడ్లు, గేదెలు, గొర్రెలు, మేకలే రైతుకు ముఖ్యం. పశువు కుంటితే కాలు లాగించడం, వాతలు పెట్టించడం పల్లెల్లో పాత అలవాటు. అయితే ప్రతి కుంటూ ఎముకకు సంబంధించినది కాదు.

* జబ్బవాపు: బలిసిన పడ్డలకు, దూడలకు ఎక్కువగా వస్తుంది. తొడ లేదా జబ్బ వాచి, నొక్కితే గరగరమంటుంది. పెన్సిలిన్ సకాలంలో ఇవ్వకపోతే ఒకటి రెండు రోజుల్లో పశువు చనిపోవచ్చు. వానలకు ముందు వేయించే టీకా దీనిని నివారిస్తుంది.
* గాలికుంటు: గిట్టల మధ్య, నోటిలో పుండ్లు ఏర్పడతాయి. ఇది అంటువ్యాధి.
* రేబిస్: వెనుక కాళ్లు పడిపోయి నడుము దెబ్బ వలె కనిపించవచ్చు. చొంగ తగిలితే చికిత్స చేసేవారికే ప్రాణాపాయం.
* మోకాలి చిప్ప పైకి పట్టుకొనిపోవుట: ఎడ్లలో తరచు కనిపిస్తుంది. కాలు వెనుకకు బిగుసుకుంటుంది. ఒక స్నాయువును కోసే చిన్న శస్త్రచికిత్సతో సాధారణంగా నయమవుతుంది.

విరిగిన ఎముకను ఒత్తితే నష్టం పెరుగుతుంది. చేతి నైపుణ్యం కంటే ముందు రోగాన్ని గుర్తించే విద్య అవసరమనుటకు ఇదే కారణం.

చట్టం

భారత పశువైద్య మండలి చట్టం, 1984లోని 30వ సెక్షను ప్రకారం నమోదైన పశువైద్యులు మాత్రమే పశువైద్యం చేయవచ్చు. డిప్లొమా లేదా సర్టిఫికెట్ ఉన్నవారు రాష్ట్ర ప్రభుత్వం అనుమతించిన చిన్న సేవలను నమోదైన పశువైద్యుని పర్యవేక్షణలో చేయవచ్చు.

విద్యా మార్గం

ఇంటర్మీడియట్ బైపీసీ తరువాత బి.వి.ఎస్‌సి. అండ్ ఎ.హెచ్. చదవాలి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి కోర్సు కాలం ఐదున్నర సంవత్సరాలు. పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కింద రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరులలో కళాశాలలు ఉన్నాయి. వీటిలో వరంగల్ వద్దనున్న మామునూరు ఈ జిల్లాలకు సమీపం. పట్టా పొందినవారు రాష్ట్ర పశువైద్య మండలిలో పేరు నమోదు చేసుకోవాలి. కీళ్లు, ఎముకల చికిత్సపై ఆసక్తి గలవారు శస్త్రచికిత్స, రేడియాలజీ విభాగంలో ఎం.వి.ఎస్‌సి. చేయవచ్చు. విదేశీ కైరోప్రాక్టిక్ శిక్షణ ఆ తరువాతి మెట్టు.

పదవ తరగతితో ఆగిన విద్యార్థులకు పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లలో రెండేళ్ల డిప్లొమా ఉంది. ఇది సహాయకునిగా పనిచేయుటకు ఉపకరిస్తుంది కాని, స్వతంత్ర చికిత్సకు హక్కు ఇవ్వదు.