కళలో నగ్నత: దేహం పట్ల మారుతూ వచ్చిన దృష్టి

ఈ పాఠ్యాంశం చదివిన తరువాత మీరు:
• 'వివస్త్ర', 'దిగంబర' అనే మాటల వెనుక ఉన్న భావభేదాన్ని వివరించగలుగుతారు.
• భారతీయ, ఐరోపా కళల్లో నగ్నతకు ఉన్న వేర్వేరు అర్థాలను ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• అశ్లీలత విషయంలో మన న్యాయస్థానాల దృష్టి ఎలా మారిందో తెలుసుకుంటారు.

1. పరిచయం

కుటుంబంతో మ్యూజియానికి వెళ్లినప్పుడు నగ్నశిల్పం ఎదురైతే, దాన్ని చూడనట్టే ముందుకు సాగిపోవడం మనలో చాలామందికి అలవాటు. అలాంటి శిల్పమే గుడి గోడ మీద ఉంటే ప్రదక్షిణం చేస్తూ దాని పక్కనుంచే వెళతాం. అప్పుడు అంత ఇబ్బంది అనిపించదు. రూపం అదే. మారింది చోటు, చోటుతోపాటు మన చూపు.

ఈ విషయంపై రెండు వాదాలు తరచుగా వినిపిస్తాయి. మన సంస్కృతిలో నగ్నతకు చోటే లేదని, అది పాశ్చాత్యుల నుంచి వచ్చిందని ఒక వాదం. ప్రాచీన భారతదేశంలో దేహం విషయంలో సంకోచమే లేదని, సిగ్గును మనకు నేర్పింది ఆంగ్లేయులేనని రెండో వాదం. చరిత్ర సాక్ష్యాలు ఈ రెండింటినీ పూర్తిగా బలపరచవు. ఒంటిమీద బట్ట ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్నతో ఏ బొమ్మ విలువనూ తేల్చలేం. ఆ దేహాన్ని అలా చూపాలని నిర్ణయించింది ఎవరు? ఎందుకు? ఎవరి ముందు? ఈ మూడు ప్రశ్నలతో కొన్ని ఉదాహరణలను పరిశీలిద్దాం.

2. రెండు మాటలు, రెండు అర్థాలు

కురుసభలో ద్రౌపదిని 'వివస్త్ర'ను చేయబోయారని అంటాం. జైనమునిని 'దిగంబరుడు' అంటాం. రెండు మాటలూ బట్ట లేకపోవడాన్నే చెబుతున్నా, మొదటిదానిలో బలవంతం ఉంది, అవమానం ఉంది. రెండోదానిలో దిక్కులనే వస్త్రంగా భావించిన త్యాగం ఉంది. పన్నెండో శతాబ్దపు కన్నడ వచనకర్త్రి అక్క మహాదేవి వస్త్రాలను విడిచి, కేశాలే ఆచ్ఛాదనగా శ్రీశైలం చేరిందని సంప్రదాయం చెబుతుంది. ఆమెను తలచుకున్నప్పుడు భక్తులకు అవమానం గుర్తుకు రాదు. ఆ నిర్ణయం ఆమెది కనుక.

ఆంగ్ల కళాచరిత్రకారుడు కెన్నెత్ క్లార్క్ 1956లో ప్రచురించిన గ్రంథంలో ఇలాంటి భేదాన్నే మరోవిధంగా చెప్పాడు. బట్టలు పోయి బిడియపడే దేహం వేరు, కళాకారుడు తీర్చిదిద్దిన నిబ్బరమైన నగ్నరూపం వేరు అని ఆయన వాదం. 1972లో జాన్ బెర్జర్ దీన్ని తలకిందులు చేశాడు. బట్టలు లేకుండా ఉన్నప్పుడు మనిషి తానుగా ఉంటుందని, కళలోని నగ్నరూపం మాత్రం ఇతరులు చూడటానికి సిద్ధం చేసిన వస్తువుగా మారుతుందని అన్నాడు. ఈ రెండు అభిప్రాయాలనూ గుర్తుంచుకోండి. ముందుకు వెళ్లేకొద్దీ ఇవి మనకు ఉపయోగపడతాయి.

3. మన శిల్పంలో దేహం

అమరావతి శిల్పాల్లో స్త్రీలే కాదు, పురుషులు కూడా నడుముపైన వస్త్రం లేకుండానే కనిపిస్తారు. ఆభరణాలు మాత్రం నిండుగా ఉంటాయి. రాజులు, రాణులు, పరిచారకులు అందరిలోనూ ఈ తీరు కనిపిస్తుంది. కనుక దాన్ని ప్రత్యేకమైన 'నగ్నత'గా శిల్పి భావించాడని అనుకోవడానికి ఆధారం లేదు.

నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలానికి (క్రీ.శ. 3, 4 శతాబ్దాలు) చెందిన ఒక శిల్పం దొరికింది. కాళ్లు ఎడంగా ఉంచి కూర్చున్న నగ్న మాతృదేవత రూపం అది. ఈ కోవకు చెందిన దేవతను పండితులు 'లజ్జాగౌరి' అని వ్యవహరిస్తారు. దాని మీది శాసనంలో మహారాజు ఎహువుల చాంతమూలుని రాణి ఖండువుల పేరు ఉంది. ఆమె భర్త, బిడ్డలు జీవించి ఉన్న స్త్రీ అని కూడా అందులో చెప్పారు. అంటే ఒక మహారాణి తన పేరును, తన సౌభాగ్యాన్ని ఈ నగ్నదేవతతో బహిరంగంగా ముడిపెట్టుకుంది. అలంపురం మ్యూజియంలోనూ ఇలాంటి విగ్రహం ఉంది. దానికి తల స్థానంలో పద్మం ఉంటుంది. ఇక్కడ నగ్నత సంతానానికి, సమృద్ధికి సంకేతం.

శ్రవణబెళగొళలో సుమారు 57 అడుగుల ఎత్తున్న గోమటేశ్వరుని విగ్రహాన్ని క్రీ.శ. 981 ప్రాంతంలో గంగరాజుల మంత్రి చావుండరాయుడు చెక్కించాడు. బాహుబలి కాళ్లకు, చేతులకు తీగలు అల్లుకొని ఉంటాయి. తపస్సులో ఎంతకాలం కదలకుండా నిలిచాడో ఆ తీగలే చెబుతాయి. ఇక్కడ నగ్నత కోరికకు కాదు, కోరికను జయించడానికి గుర్తు.

4. ఐరోపాలో నగ్నత

నగ్నతను ఐరోపా ఎల్లప్పుడూ సులభంగా అంగీకరించిందనుకోవడం సరికాదు. ప్రాచీన గ్రీకులు యువకుల విగ్రహాలను నగ్నంగా మలిచినా, తొలికాలంలో యువతుల విగ్రహాలకు వస్త్రాలు తొడిగారు. క్రీ.పూ. నాలుగో శతాబ్దంలో ప్రాక్సిటిలీస్ ఆఫ్రొడైటీ దేవతను నగ్నంగా చెక్కాడు. అదే దేవతకు అతడు వస్త్రాలతో చెక్కిన విగ్రహాన్ని కోస్ ప్రజలు ఎంచుకున్నారని, నగ్నవిగ్రహాన్ని క్నిడస్ ప్రజలు కొన్నారని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఒకే కాలంలో, ఒకే సంస్కృతిలో రెండు అభిరుచులు ఉన్నాయన్నమాట.

మైఖెలాంజెలో 1541లో సిస్టీన్ చాపెల్ గోడ మీద 'అంతిమ తీర్పు' చిత్రాన్ని పూర్తిచేశాడు. చర్చి పెద్దల నిర్ణయం మేరకు, 1564లో అతడు మరణించిన తరువాత, డానియేలే ద వోల్టెర్రా అనే చిత్రకారుడు అందులోని కొన్ని రూపాలకు వస్త్రాలు చిత్రించాడు. జనం ఆ చిత్రకారుడికి 'లాగులు తొడిగేవాడు' అని పేరు పెట్టారు. 1994లో ముగిసిన శుద్ధీకరణలో, తరువాతి కాలాల్లో చేర్చిన వస్త్రాలు కొన్నింటిని తొలగించారు. డానియేలే చిత్రించిన వాటిని మాత్రం ఉంచారు. కప్పిపుచ్చడం కూడా చరిత్రలో భాగమేనని నిపుణులు భావించారు.

పారిస్‌లో 1863లో కబానెల్ గీసిన నగ్న వీనస్ చిత్రాన్ని చక్రవర్తి మూడో నెపోలియన్ స్వయంగా కొన్నాడు. రెండేళ్ల తరువాత అదే నగరంలో ప్రదర్శించిన మానే చిత్రం 'ఒలింపియా' మాత్రం దూషణలకు గురైంది. రెండింటిలోనూ ఉన్నది నగ్నంగా పడుకున్న స్త్రీయే. అయితే వీనస్ దేవత, ఆమె కళ్లు అరమోడ్పులు. ఒలింపియా ఆనాటి పారిస్ వేశ్య, చూసేవారి కళ్లలోకి సూటిగా చూస్తుంది. ప్రేక్షకులను కలవరపెట్టింది నగ్నత కాదు, ఆ చూపు.

1989లో 'గెరిల్లా గర్ల్స్' అనే కళాకారిణుల బృందం న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలోని ఆధునిక కళా విభాగాలను లెక్కించింది. అక్కడి కళాకారుల్లో స్త్రీలు 5 శాతం కంటే తక్కువ. నగ్నచిత్రాల్లో మాత్రం 85 శాతం స్త్రీలవే. చూపే అధికారం ఎవరిది, కనిపించే బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నను ఈ రెండు అంకెలు మన ముందుంచాయి.

5. కప్పుకునే హక్కు

కళలో కనిపించిన దాన్ని నేరుగా సమాజానికి అన్వయించకూడదు. శిల్పంలో నడుముపైన వస్త్రం లేకపోవడం సహజంగా కనిపించవచ్చు. కానీ జీవితంలో అదే ఆచారాన్ని కులం పేరుతో బలవంతంగా రుద్దినప్పుడు అది అణచివేత అవుతుంది. దక్షిణ తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు అగ్రకులాల వారి ముందు వక్షస్థలాన్ని కప్పుకోకూడదనే కట్టుబాటు ఉండేది. 19వ శతాబ్దపు తొలి దశకాల నుంచి వారు దీన్ని ఎదిరించారు. రవికలు చించివేసినా, దాడులు జరిగినా వెనక్కి తగ్గలేదు. చివరకు 1859లో మహారాజు కప్పుకోవడానికి అనుమతిస్తూ ప్రకటన చేశాడు. అందులోనూ అగ్రకుల స్త్రీల పద్ధతిలో కప్పుకోకూడదనే షరతు పెట్టాడు.

ప్రాచీన భారతదేశం స్వేచ్ఛకు నిలయమని చెప్పేవారు ఈ స్త్రీలను మరచిపోకూడదు. అక్క మహాదేవి వస్త్రాన్ని విడిచింది, వీరు వస్త్రం కోసం పోరాడారు. పైకి చూస్తే ఇవి వ్యతిరేక దిశలు. నిజానికి ఇద్దరూ కోరింది ఒకటే, తమ దేహం మీద తమ నిర్ణయం.

6. చట్టం, న్యాయస్థానాలు

భారత శిక్షాస్మృతి (1860)లోని 292వ సెక్షన్ అశ్లీల పుస్తకాలు, చిత్రాల అమ్మకాన్ని, ప్రదర్శనను నేరంగా పరిగణించింది. దేవాలయాల మీది శిల్పాలకు ఆ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఈ అంశం 294వ సెక్షన్‌లో ఉంది.

1954లో బొంబాయి జహంగీర్ ఆర్ట్ గ్యాలరీలో అక్బర్ పదమ్‌సీ ప్రదర్శించిన 'ప్రేమికులు' చిత్రం అశ్లీలమని పోలీసులు కేసు పెట్టారు. చిత్రాన్ని తొలగించడానికి ఆయన ఒప్పుకోలేదు, కోర్టులో గెలిచారు. అయితే 1964లో రంజిత్ ఉదేశీ కేసులో సుప్రీంకోర్టు 1868 నాటి బ్రిటిష్ 'హిక్లిన్' సూత్రాన్ని అనుసరించింది. సులభంగా చెడు ప్రభావానికి లోనయ్యే మనసును ఒక రచన చెడగొట్టగలదా అన్నదే ఆ సూత్రంలోని కొలమానం. 2014లో అవీక్ సర్కార్ కేసులో కోర్టు దాన్ని పక్కనపెట్టింది. సమకాలీన సమాజ ప్రమాణాలతో, రచన మొత్తాన్ని, దాని సందేశాన్ని దృష్టిలో ఉంచుకొని చూడాలని చెప్పింది.

'బాండిట్ క్వీన్' సినిమా కేసు మన చర్చకు చాలా ముఖ్యం. ఆ సినిమాలో ఫూలన్ దేవిని గ్రామస్థుల ముందు వివస్త్రను చేసి నడిపించే దృశ్యం ఉంది. అది కోరిక రేపడానికి కాదని, ఆ నేరం చేసిన వారిపై అసహ్యం కలిగించడానికని 1996లో సుప్రీంకోర్టు తేల్చింది. 'ఎందుకు' అన్న ప్రశ్నకు ఇది మంచి సమాధానమే. కానీ 'ఎవరి నిర్ణయం' అన్న ప్రశ్న మిగిలే ఉంది. అప్పటికి జీవించి ఉన్న ఫూలన్ దేవే తన జీవితాన్ని అలా చూపడానికి అభ్యంతరం చెబుతూ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. ఒక దృశ్యం అశ్లీలం కాకపోవచ్చు. అయినా ఆ దృశ్యంలోని మనిషికి అన్యాయం జరిగి ఉండవచ్చు. ఈ రెండింటినీ వేరువేరుగా ఆలోచించడం అలవాటు చేసుకోండి.

నేడు ప్రతి చేతిలో కెమెరా ఉంది. ఒక స్త్రీ ఏకాంతంలో ఉండగా రహస్యంగా ఫోటో తీయడం, దాన్ని ఇతరులకు పంపడం 2013 నుంచి ప్రత్యేక నేరం. చిత్రం తీయడానికి ఆమె ఒప్పుకున్నా, ఇతరులకు పంపడానికి ఒప్పుకోకపోతే పంపడం నేరమే. చట్టం ఇక్కడ ప్రధానంగా చూసేది ఆమె అంగీకారాన్నే.

7. సారాంశం

నగ్నతకు ఒకే అర్థం లేదు. అది నాగార్జునకొండలో సంతానసౌభాగ్యం, శ్రవణబెళగొళలో వైరాగ్యం, కురుసభలో అవమానం, తిరువాన్కూరులో కుల అణచివేత. పూర్వం అంతా స్వేచ్ఛే అనిగానీ, అంతా మర్యాదే అనిగానీ చెప్పలేం. ఒక చిత్రాన్ని నిషేధించాలని ఎవరైనా అడిగినప్పుడు, లేదా కళ పేరుతో దేన్నైనా సమర్థించినప్పుడు, ఎవరు, ఎందుకు, ఎవరి ముందు అన్న మూడు ప్రశ్నలు వేసి చూడండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 'వివస్త్ర', 'దిగంబర' పదాల భావభేదాన్ని ఉదాహరణలతో వివరించండి.
2. వీనస్, ఒలింపియా చిత్రాలకు లభించిన ఆదరణలో తేడా ఎందుకు వచ్చింది?
3. 'బాండిట్ క్వీన్' కేసులో అశ్లీలత, అంగీకారం అనే రెండు అంశాలను వేరుచేసి చర్చించండి.
4. మీ సమీపంలోని ఆలయానికి లేదా మ్యూజియానికి వెళ్లి ఒక శిల్పాన్ని తీరికగా చూడండి. పై మూడు ప్రశ్నలకు సమాధానాలను ఒక పేజీలో రాయండి.