సూర్యుడి కార్డు పడింది, పరీక్ష వాయిదా పడింది

టారో కార్డులు నేర్చుకుంటన్నానని చెప్తే మా మల్కాపురం వీధిలో అందరూ ఒకటే అడిగారు: "కార్డులు సరే గానీ, చిలకేదే?" నవ్వొచ్చింది గానీ ప్రశ్న సరైందే. బీచిరోడ్డులో చిలక జోస్యం, గుమ్మం ముందు సోదెమ్మ, ఇప్పుడు ఫోన్లో టారో. రేపేటవుద్దో అన్న బెంగ పాతదే, అడిగే చోటు మారిందంతే. ఈ నేర్చుకోడంలో నేనో తప్పు చేశాను. కొత్తగా కార్డులు పట్టుకునేవాళ్ళకి పనికొస్తాదని అది చెప్తన్నాను.

ముందు ఆ పెట్టెలో ఏముందో చూద్దాం. మొత్తం 78 కార్డులు. అందులో 56 మన పేకలాంటివే. మనకి ఇస్పేటు, కళావరు, ఆటీను, డైమను ఉన్నట్టు అక్కడ కత్తులు, కర్రలు, గిన్నెలు, నాణేలు. మన పేకలో రకానికి 13 ముక్కలైతే ఇక్కడ 14. రాజు, రాణి, జాకీతో పాటు గుర్రం మీద కూర్చున్న వీరుడొకడు ఎక్కువ. మిగతా 22 పెద్ద కార్డులు. వాటిలో పిచ్చోడు, సన్యాసి, చావు, కూలిపోతున్న బురుజు, చంద్రుడు, సూర్యుడు ఇలాంటి బొమ్మలుంటాయి.

పేకలాగే ఉందేటి అనుకుంటారేమో. అది పుట్టింది పేకాటగానే. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో దొరల ఇళ్ళల్లో ఆడుకున్న ఆట. జోస్యం చాలా తర్వాత వచ్చింది. 1781లో కూర్ ద జెబెలాన్ అనే ఫ్రెంచి పండితుడు, ఈ కార్డులు పాత ఈజిప్టు పూజారుల రహస్య గ్రంథమని రాసేశాడు. అప్పటికి ఈజిప్టు బొమ్మల లిపి చదవడం ఐరోపాలో ఎవరికీ రాదు! అయినా ఆ మాట పాకిపోయింది, ఆట కార్డులకి మహత్యం అంటుకుంది. మన పక్కనే, ఒడిశా సరిహద్దులో పర్లాకిమిడి ఉంది కదా. అక్కడ గంజపా అని గుండ్రటి కార్డులున్నాయి. గుడ్డకి చింతగింజల జిగురు పూసి, గట్టిపడ్డాక దాని మీద బొమ్మలేస్తారు. దశావతారాల గంజపాకి 120 కార్డులు. వాటి మీద దేవుళ్ళే ఉన్నా జనం వాటితో ఆటే ఆడుకున్నారు. బొమ్మ ఎంత గొప్పగా ఉన్నా కార్డుకి రేపటి సంగతి తెలియదు.

మరి నేర్చుకోడం ఎలాగ? నేను కొన్నది 1909లో లండన్లో అచ్చయిన కట్టకి నకలు. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఎక్కువగా అదే కనిపిస్తాది. దాన్ని తయారు చేయించింది వెయిట్ అనే ఆయన, బొమ్మలు గీసింది పమేలా కోల్మన్ స్మిత్ అనే ఆవిడ. పాత కట్టల్లో చిన్న కార్డుల మీద ఐదు గిన్నెలో ఆరు కత్తులో ఉండేవి, అంతే. ఈవిడ ప్రతి కార్డులో మనుషుల్ని పెట్టింది. ఐదు నాణేల కార్డులో మంచు కురుస్తుంటే ఇద్దరు బీదవాళ్ళు నడుస్తుంటారు, ఒకడికి చంక కర్రలు. వెనకాల వెలుగుతున్న చర్చి కిటికీ. ఎనిమిది నాణేల కార్డులో ఓ కుర్రాడు బల్ల దగ్గర కూర్చుని సుత్తి, ఉలితో నాణెం చెక్కుతుంటాడు. దాన్ని చూస్తే నాకు గాజువాకలో ఐటీఐ చదివే మా మేనల్లుడు గుర్తొస్తాడు.

అందుకని 78 అర్థాలు బట్టీ పట్టక్కర్లేదు. రోజుకో కార్డు తీసి, బొమ్మలో ఉన్నది ఉన్నట్టు నోటితో చెప్పడం మొదటి పాఠం. ఎవరున్నారు, ఎటు చూస్తన్నారు, చేతిలో ఏముంది. తర్వాత మూడు కార్డులు వరసగా పరిచి జరిగింది, జరుగుతోంది, జరగబోయేది అని చెప్పడం రెండో పాఠం. నేను ఆ రెండో పాఠంలో ఉన్నప్పుడే పక్కింటప్ప వచ్చింది.

అప్ప రొయ్యలు ఒలిచే పనికి పోతాది. ఆవేళ కూర్చుని గొంతు తగ్గించి, "రొమ్ములో కంతిలాగ తగుల్తందే. డాటరమ్మ పరీచ్చ సేయించుకోమంది. బయ్యంగున్నాది. నీ కార్డులేటంటాయో సూడు" అంది. నేను మూడు తీశాను. చివరిది సూర్యుడు. తెల్లగుర్రం మీద చిన్నపిల్లోడు, గోడ వెనక పొద్దుతిరుగుడు పూలు, పైన మనిషి మొహంతో సూర్యుడు. పుస్తకంలో మంచి కార్డని ఉంది. అదే చెప్పాను. అప్ప మొహం వెలిగిపోయింది. "అరసవిల్లి సూరినారాయణమూర్తే గదేటి! ఆరోగ్గెం ఇచ్చే దేవుడే. ఇంకేటి బయ్యం!" అని రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

పరీక్షకి వెళ్ళలేదు. మూడు నెలలు పోయాక నొప్పి మొదలైతే అప్పుడు వెళ్ళింది. క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ అయింది, ఇంకా మందులు నడుస్తన్నాయి. మూడు నెలల ముందే వచ్చుంటే ఏమయ్యేదో డాక్టర్ని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. అప్పని క్షమించమని అడిగితే, "నువ్వు సెప్పడవేటి, నాను ఇనాలనుకున్నదే ఇన్నాను" అంది. ఆ మాటతో నా తప్పు పోలేదు గానీ, కార్డులు ఎలా పనిచేస్తాయో అర్థమైంది.

కార్డు మీద అరసవిల్లి లేదు. ఆరోగ్యమూ లేదు. ఓ గుర్రం, ఓ పిల్లోడు ఉన్నారు. అరసవిల్లిని తెచ్చి అందులో పెట్టింది అప్ప. భయం తీరే మాట కోసం వచ్చింది, బొమ్మలో అది వెతుక్కుంది, నేను తలూపాను. 1948లో ఫోరర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త తన విద్యార్థులకి ఓ పరీక్ష పెట్టి, ఎవరి స్వభావం వాళ్ళకి రాసిచ్చానన్నాడు. అది ఎంత సరిపోయిందో 5కి మార్కులెయ్యమంటే సగటున 4.26 వేశారు. నిజానికి అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం, వాక్యాలు జ్యోతిషం పుస్తకంలోంచి ఏరినవి. మన గురించే అని నమ్మితే ఏ మాటైనా మనకి అతికిపోతాది. సోదెమ్మకీ, చిలక జోస్యుడికీ, ఫోన్లో టారో చెప్పేవాళ్ళకీ అన్నం పెడుతున్నది ఇదే.

మరి కార్డులు పారెయ్యాలా? నేను పారెయ్యలేదు. మనసులో మాట బయటికి రాని మనిషి ముందు ఓ బొమ్మ పెడితే మాట వస్తాది. అప్ప ఆవేళ నాకు చెప్పిన భయం ఇంట్లో మొగుడికి కూడా చెప్పలేదు. కార్డు చేసిన మంచి అదొక్కటే, దాన్ని నేను చెడగొట్టాను. ఆవేళ నేను అడగాల్సింది, "పరీక్షకి ఎప్పుడెళ్దాం అప్పా, తోడు రానా?" అని.

అందుకే ఇప్పుడు నా మూడు కార్డుల పేర్లు మార్చేశాను. నాకు తెలిసిందేటి, నన్ను భయపెడుతున్నదేటి, రేపు పొద్దున్న నేను చెయ్యగలిగిందేటి. జరగబోయేది అన్న కార్డే లేదు. రోగం, కోర్టు, అప్పు, చావు గురించి అడిగితే కార్డు ముట్టను. మనసు బాగోలేదని ఎవరన్నా ఏడిస్తే 14416 నంబరు ఇస్తాను. అది ప్రభుత్వం నడిపే టెలిమానస్, తెలుగులోనూ మాట్లాడతారు. డబ్బులు తీసుకోను. డబ్బు చేతులు మారితే ఎదుటివాళ్ళకి ఇష్టమైన మాటే నోట్లోంచి వస్తాది.

ఎవరన్నా కార్డు చూసి దోషముంది, పూజకి ఇంత, రాయికి ఇంత అంటే లేచి వచ్చెయ్యండి. మహిమతో క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటనలివ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. చిలకని పంజరంలో పెట్టడానికి కూడా 1972 వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు.

మొన్న అప్ప వచ్చి, మళ్ళీ చెకప్పుకి ఎప్పుడెళ్ళాలని అడిగింది. ఆస్పత్రి చీటీ చూసి, తేదీ కేలండర్ మీద గుండ్రంగా చుట్టిచ్చాను. నేనూ కూడా వెళ్తన్నాను.