నాణెము చెప్పు మాట

చేతికి వచ్చిన నాణెము విలువ చూచి మనము సంచిలో వేసికొందుము. దానిమీది బొమ్మను నిదానించి చూచువారు అరుదు. ఆ బొమ్మ కేవలము అలంకారమని తలంపరాదు. ఇది ఎవరి అధికారముచే వెలువడినది, ఇది నిజమైనదా, దీని విలువ యెంత అను మూడు ప్రశ్నలకు నాణెము తానే జవాబు చెప్పవలెను. చదువు రానివారికిని, చూపు లేనివారికిని గూడ ఆ జవాబు తెలియవలెను. నాణెమును రూపొందించు శిల్పి బాధ్యత యిదియే.

మొదటి ప్రశ్నకు జవాబు చెప్పుట మన దేశమున ప్రాచీనమైన ఆచారము. సుమారు 1800 సంవత్సరములకు పూర్వము శాతవాహన ప్రభువగు యజ్ఞశ్రీ శాతకర్ణి తన నాణెములపై రెండు కొయ్యల ఓడను ముద్రింపించెను. ఆ చిన్న సీసపు బిళ్లలు నాటి సముద్ర వ్యాపారమునకు నేటికిని సాక్ష్యము పలుకుచున్నవి.

బ్రిటిషువారి కాలమున రూపాయిపై ఇంగ్లండు ప్రభువు ముఖముండెడిది. 1950 ఆగస్టు 15వ తేదీన గణతంత్ర భారతము తన నాణెములను వెలువరించెను. రాజు ముఖమునకు మారుగా సారనాథమునందలి అశోకస్తంభపు సింహములు వెలసెను. రెండవ వైపున రూపాయిపై గోధుమ కంకులు, అణాపై ఎద్దు, పైసపై గుఱ్ఱము చోటు చేసికొనెను. దేశాధికారము ఒక రాజుది కాదని, ప్రజలదని ఆ మార్పు చాటెను.

ఇక రెండవ ప్రశ్న. వెండి బంగారములతో నాణెములు చేసిన దినములలో మోసగాండ్రు వాని అంచులను ఆకురాయితో రాచి లోహమును దొంగిలించెడివారు. అంచున సన్నని గాట్లు పెట్టిన పిమ్మట, ఆ గాట్లు అరిగిన నాణెమును జనులు వెంటనే గుర్తింపగలిగిరి. చుట్టును కొంచెము ఎత్తుగానుండు కట్టు, నడుమనున్న బొమ్మ త్వరగా అరిగిపోకుండ కాపాడును.

మూడవ ప్రశ్నయే మిక్కిలి కష్టమైనది. 1957 ఏప్రిల్ 1వ తేదీన దశాంశ పద్ధతి వచ్చెను. అంతవరకు రూపాయికి 64 పైసలు; ఆనాటి నుండి 100 నయాపైసలు. జనులు తికమకపడకుండుటకై క్రొత్త నాణెముపై అది రూపాయిలో నూరవ భాగమని హిందీలో ముద్రించిరి. చదువు రానివారికి ఆకారమే అక్షరమయ్యెను. నయాపైస గుండ్రనిది, రెండు నయాపైసలది అలల అంచు గలది, ఐదు నయాపైసలది చదరము, పది నయాపైసలది మరల అలల అంచుదే గాని పెద్దది.

ఈ జాగ్రత్త అన్ని కాలములందును నిలువలేదు. 2007లో వచ్చిన రూపాయిపై బొటనవ్రేలెత్తిన చేతిని, రెండు రూపాయల నాణెముపై రెండు వ్రేళ్లు చూపు చేతిని ముద్రించిరి. చూపుగలవారికి ఆ సైగ చాలును. కాని ఆ రూపాయి వ్యాసము 25 మిల్లీమీటర్లు. 2011లో వచ్చిన రెండు రూపాయల నాణెపు వ్యాసమును 25 మిల్లీమీటర్లే! రెండును గుండ్రనివే, రెండును ఉక్కువే, రెండును ఒకే సంతలో చెల్లుచుండెను. దినమంతయు శ్రమించి తెచ్చిన డబ్బును తడిమి లెక్కించుకొను అంధుని తలంచుకొనుడు. ఒకటి యనుకొని అతడు రెండు ఇచ్చివేయవచ్చును. అక్కడ మోసగాడెవడును లేడు. అయినను నష్టము జరిగినది.

2019లో ప్రకటించిన వరుసలో ఈ లోపమును దిద్దుటకు యత్నించిరి. అంధులు సులభముగా గుర్తించుటకై, విలువ పెరిగినకొలది బరువు పెరుగునట్లు వానిని రూపొందించిరి. రూపాయి 20, రెండు రూపాయలది 23, ఐదు రూపాయలది 25, పది రూపాయలది 27 మిల్లీమీటర్ల వ్యాసము గలవి. ఇరువది రూపాయల నాణెమును 27 మిల్లీమీటర్లదే; కాని దానికి 12 భుజములుండుటచే వ్రేలికి వెంటనే తెలియును. పాత నాణెములును వీనితో కలిసి చెల్లుచున్నందున చిక్కు పూర్తిగా తొలగలేదు.

విద్యార్థులారా! ఇంటనున్న నాణెములను ఒకచోట చేర్పుడు. సంవత్సరము క్రింద నక్షత్రపు గుర్తు గలది మన హైదరాబాదు టంకశాలలో ముద్రింపబడినదని తెలిసికొనుడు. పిదప కన్నులు మూసికొని, ఒక్కొక్క దానిని తడిమి విలువ చెప్ప యత్నింపుడు. ఎన్ని మారులు తప్పితిరో లెక్కించుకొనుడు. శిల్పి పని యెంత కష్టమైనదో, అంగడిలో అంధుడు చిల్లర చాచినపుడు మనమెంత నిజాయితీతో మెలగవలెనో అపుడు బోధపడును.