గొంగడి కప్పుకున్న పాట



మన కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెలలో నలభై ఏండ్లు దాటిన వారిని ఎవరినైనా అడిగి చూడండి, గద్దర్ పాట వినని వారు ఉండరు. భుజాన గొంగడి, కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్ర, పక్కన డప్పు. ఆ రూపం మన ప్రాంతంలో రెండు తరాల కండ్ల ముందు నిలిచిపోయింది. ఆ పాట వెనుక ఉన్న బృందం పేరు జననాట్యమండలి. సంఘ పత్రికలో దాని సంగతి ఎందుకని కొందరు పెద్దలు అడుగవచ్చు. మన సంఘ కుటుంబాల బిడ్డలు కూడ ఆ పాట వెంట నడిచారు గనుక, కొందరు తిరిగి రాలేదు గనుక, దానిని గురించి నెమ్మదిగా ఆలోచించుట మన బాధ్యత.

మొదలు ఎక్కడ?

పాటతో జనాన్ని కదిలించుట తెలుగునాట కొత్త కాదు. 1943లో ప్రజానాట్యమండలి పుట్టింది. బుర్రకథలు, వీధినాటకాలు ఊరూరా తిరిగాయి. 1946 నుండి 1951 వరకు జరిగిన తెలంగాణ సాయుధ పోరాటంలో సుద్దాల హనుమంతు వంటి వారు పల్లె బాణీలలో పాటలు కట్టారు. ఆ తరువాత 1972లో హైదరాబాదు కేంద్రంగా జననాట్యమండలి ఏర్పడింది. సినిమా దర్శకులు బి. నర్సింగరావు గారు నడిపిన ఆర్ట్ లవర్స్ అనే కళాకారుల బృందం దానికి ఊయల వంటిది.

గద్దర్ అసలు పేరు గుమ్మడి విఠల్ రావు. మెదక్ జిల్లా తూప్రాన్‌లో పేద దళిత కుటుంబంలో పుట్టారు. అమెరికాలోని భారతీయులు 1913లో ఆంగ్లేయుల మీద పోరాడుటకు స్థాపించిన గదర్ పార్టీ పేరు మీద ఆయన తొలి పాటల పుస్తకానికి 'గద్దర్' అని పేరు పెట్టారు. ఆ మాటకు తిరుగుబాటు అని అర్థం. పుస్తకం పేరే మనిషి పేరైపోయింది. కెనరా బ్యాంకులో ఉద్యోగం చేస్తూనే పాడిన ఆయన 1984లో ఆ ఉద్యోగాన్ని వదిలివేశారు. 'మా భూమి' సినిమాలో బండి యాదగిరి కట్టిన పాటను గద్దర్ తెరమీద పాడినప్పుడు, దొరల గడీల కింద నలిగిన పల్లెలన్నీ దానిని తమ పాట అనుకున్నాయి.

వారి పని తీరు

ఈ బృందం బాణీ కోసం ఎక్కడికో పోలేదు. నాటు వేసే ఆడవారి పాట, ఉయ్యాల పాట, ఒగ్గుకథ, యక్షగానం, ఇవే వారికి ఆధారం. జనానికి తెలిసిన బాణీని తీసుకొని అందులో జనం బాధను పెట్టారు. ఒకరు చరణం ఎత్తుకుంటే మిగిలినవారు వంత పాడుతారు. మధ్యలో పాట ఆపి మాటలతో కథ చెప్పుతారు. మళ్లీ డప్పు లేస్తుంది. అక్షరం రాని కూలి మనిషి కూడ రెండవసారికే గొంతు కలుపుతాడు. చిన్న పుస్తకాలు, ఆ తరువాత క్యాసెట్లు ఆ పాటలను గుడిసె గుడిసెకు చేర్చాయి.

ఆ దినాల్లో మన జిల్లాల పరిస్థితి పెద్దలకు తెలుసు. వెట్టిచాకిరి, కూలి ఎగవేత, "నీ బాంచెన్ దొరా" అని వంగిన నడుములు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో వేలాది కూలీలు ఊరేగింపుగా కదిలారు. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండు ప్రజల మీద పోలీసు కాల్పులు జరిగాయి. బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని బొగ్గు గనులలో కార్మికుల కష్టాలు వేరు. ఈ ఊళ్లన్నిటిలో ఆ బాధకు గొంతునిచ్చినది ఆ డప్పు పాటే.

ఎత్తులు, లోతులు

1985లో కారంచేడు దళితుల హత్యల తరువాత నిర్బంధం పెరిగి గద్దర్ అజ్ఞాతంలోనికి వెళ్లారు. దాదాపు ఐదేండ్లు అడవులలో, పరాయి రాష్ట్రాలలో గడిపారు. 1990 ఫిబ్రవరిలో ఆయన బయటికి వచ్చి హైదరాబాదు నిజాం కళాశాల మైదానంలో పాడినప్పుడు చేరిన జనసముద్రాన్ని చూచి నగరం ఆశ్చర్యపోయింది. ఆ బృందానికి అది శిఖరం.

అయితే ఆ పాట ఒంటరిగా నడువలేదు. దాని పక్కన తుపాకి నడిచింది. 1992లో పీపుల్స్‌వార్ మీద, దాని అనుబంధ సంఘాల మీద ప్రభుత్వం నిషేధం విధించింది. ఒక వైపు ఎదురుకాల్పులు, మరొక వైపు ఇన్‌ఫార్మర్ అనే ముద్ర వేసి చంపుట. పగలు పోలీసు భయం, రాత్రి అన్నల భయం. మన పల్లెలలో ఎర్ర స్తూపాలు లేచాయి. ఆ స్తూపం మీద పేరు గల యువకుడు పేదింటి బిడ్డ. అవతల మందుపాతరకు బలియైన కానిస్టేబులు కూడ పేదింటి బిడ్డే. ఇద్దరి తల్లులూ ఒకే తీరున ఏడ్చారు.

1997 ఏప్రిల్ 6న సికింద్రాబాదు శివారు అల్వాల్‌లోని ఇంటి వద్ద గద్దర్ మీద కాల్పులు జరిగాయి. ప్రాణం దక్కింది గాని ఒక తూటా చివరివరకు ఆయన వెన్నులోనే ఉండిపోయింది. తరువాత ఆయన ప్రత్యేక తెలంగాణ కొరకు పాడారు. మావోయిస్టు పార్టీకి దూరమై ఓటు మార్గం వైపు తిరిగారు. 2018 డిసెంబరులో, తన జీవితంలో మొదటిసారి ఓటు వేశారు. 2023 ఆగస్టు 6న కన్నుమూసినప్పుడు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. 2025 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ఆయన పేరు మీదనే సినిమా అవార్డులు ఇచ్చింది. ఏ రాజ్యాన్ని ఎదిరించి పాట మొదలైనదో ఆ రాజ్యమే ఆ పేరును బిరుదుగా పంచుచున్నది.

సంఘము ఏమి నేర్చుకొనవలెను?

మొదటిది, డప్పు సంగతి. డప్పు మన తాత ముత్తాతలది. వెట్టిగా సావుకాడ కొట్టించిన డప్పు, గ్రామదేవత జాతరలో కొట్టించిన డప్పు అని చెప్పి, క్రీస్తులోనికి వచ్చిన అనేక కుటుంబాలు దానిని విడిచిపెట్టాయి. వారి బాధ అర్థం చేసుకొనదగినదే. అది వారికి అవమానపు గుర్తు. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) రచించిన కీర్తనలు రాగతాళాలతో మన ఆరాధనను ధన్యం చేశాయి. దోర్నకల్‌లో బిషప్ అజరయ్య గారు దేశీయ పాటను, భజనను ప్రోత్సహించారు. అయినను పల్లె డప్పు చాల చోట్ల గుడి బయటనే నిలిచింది. బయట నిలిచిన డప్పును జననాట్యమండలి ఎత్తుకొని అవమానపు గుర్తును గౌరవపు గుర్తుగా మార్చింది. ఎర్ర సముద్రం దాటిన దినమున మిర్యాము ఏమి పట్టుకొని పాడెనో నిర్గమకాండము 15వ అధ్యాయంలో చదవండి. 150వ కీర్తనలోని వాద్యాల వరుసను చూడండి. తోలు వాద్యము దేవునికి అంటరానిది కాదు.

రెండవది, బాధను పాడుట. బైబిలులోని కీర్తనలలో స్తుతి ఎంత ఉన్నదో మొర కూడ అంత ఉన్నది. 13వ కీర్తన, 88వ కీర్తన చదివితే కన్నీరు ఆగదు. ఆమోసు 5వ అధ్యాయంలో దేవుడు న్యాయము లేని చోట పాటల ధ్వని కూడ తనకు వద్దని తేటగా చెప్పుచున్నాడు. కూలి ఎగవేతకు గురియైన మనిషి ఆదివారము గుడిలో తన కష్టానికి తగిన పాట వినకపోతే, సోమవారము ఎవరు ఆ కష్టాన్ని పాడితే వారి వెంట పోతాడు. మన యువకులు ఆ దినాల్లో వెళ్లిన దారి అదే.

మూడవది, పాట రక్తాన్ని లెక్కపెట్టరాదు. 1 సమూయేలు 18వ అధ్యాయంలో స్త్రీలు సౌలు ఎందరిని చంపెనో, దావీదు ఎందరిని చంపెనో లెక్కకట్టి పాడారు. ఆ ఒక్క పాటతో సౌలు గుండెలో అసూయ పుట్టింది, చేతిలో ఈటె లేచింది. అదే దావీదు, తనను వేటాడిన సౌలు చనిపోయినప్పుడు ఏమి చేశాడు? 2 సమూయేలు 1వ అధ్యాయంలో శత్రువు కొరకు విలాపగీతము కట్టి, దానిని యూదావారికి నేర్పించమన్నాడు. స్తూపం మీది బిడ్డకూ, కానిస్టేబులు బిడ్డకూ కలిపి ఏడ్వగల పాట మన ప్రాంతానికి కావలసి యుండెను.

కోపము గల పాట దెబ్బలాటకే దారితీయునా? అక్కరలేదు. అమెరికా దేశములోని వాషింగ్టన్ నగరంలో 1987లో ఫుగాజీ అనే నలుగురు యువకుల బృందం కచేరీలు మొదలుపెట్టింది. వారిది పోస్ట్ హార్డ్‌కోర్ అనబడే గట్టి కేకల సంగీతం. మన చెవులకు కఠినమే. వారు క్రైస్తవ బృందమని చెప్పుట లేదు. అయితే పెద్ద కంపెనీలకు అమ్ముడుపోకుండ సొంతంగా రికార్డులు వేసుకొన్నారు. టికెట్టు ఐదు డాలర్ల దగ్గరనే ఉంచుటకు పాటుపడ్డారు. గుంపులో ఒకరినొకరు కొట్టుకొంటే పాట ఆపివేసేవారు. వినని వారికి టికెట్టు డబ్బు తిరిగి ఇచ్చి బయటికి పంపేవారు. 2002 వరకు అట్లే పాడారు. లోకస్థులే పాటలోని కోపానికి హద్దు గీయగలిగితే, కత్తిని ఒరలో పెట్టుమని పేతురుతో చెప్పిన ప్రభువు శిష్యులు ఇంకెంత చేయవలెను!

నేటి ఇండ్లకు

నేడు మన పిల్లల చేతిలో ఫోను ఉన్నది. ఎక్కడి పాటైనను చెవిలోనికి వచ్చుచున్నది. దానిని లాగుకొనుట వలన లాభం లేదు. దానికంటె మంచి పాట ఇయ్యవలెను. జగిత్యాల, సిరిసిల్ల పల్లెల నుండి గల్ఫ్ దేశాలకు పోయిన తండ్రి కొరకు ఇంట్లో పాడే ప్రార్థన పాట మనకు ఉన్నదా? ఆదిలాబాద్ పత్తి రైతు అప్పు బాధ గురించి? బీడీలు చుట్టే తల్లి వేళ్ల నొప్పి గురించి? సిరిసిల్ల మగ్గం ఆగిన దినము గురించి? లేకపోతే అవి కట్టవలసిన వారు మన యౌవనస్థులే.

సంఘ పెద్దలకు ఒక మనవి. వచ్చే క్రిస్మస్‌కు సినిమా బాణీల వెంట పోకుండ, మీ ఊరి అవ్వలను కూర్చోబెట్టి వారి నాటు పాటల, ఉయ్యాల పాటల బాణీలు విని పిల్లలచేత నేర్పించండి. డప్పు కొట్టగల తాత ఉంటే ఆయనను సిగ్గుపడనీయక ముందు వరుసలో నిలబెట్టండి. ఆ బాణీలో క్రీస్తు పుట్టుక చెప్పండి, పొలములో ఉన్న కాపరులకు మొదట వచ్చిన వార్త చెప్పండి. ఊరి కష్టము కూడ అదే పాటలో దేవుని ముందు పెట్టండి.

గొంగడి కప్పుకున్న పాట ఎంత దూరము పోగలదో జననాట్యమండలి మనకు చూపించింది. తుపాకి తోడుగా పోయిన పాట ఎన్ని ఇండ్లలో దీపము ఆర్పగలదో కూడ చూపించింది. పశువుల తొట్టిలో పండుకొన్న ప్రభువు ఆ గొంగడి పాటను తన సమాధానముతో నింపి, మన ఇండ్లలో, మన పల్లెలలో మరల లేపును గాక. ఆమేన్.